ఏలికల పేర్లు: ఈ యొడ్డున, ఆ యొడ్డున

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నాకు ముందు మాటలాడిన పెద్దలు మన గ్రంథాలయ చరిత్రమును, దానిని నిలిపిన దాతల ఔదార్యమును విపులముగా చెప్పియున్నారు. నన్ను భాషావిషయ మేదైన చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. నేను కళాశాల మెట్లెక్కినవాడను గాను. పగలు గ్రామలెక్కలు వ్రాసికొనుచు, రాత్రులందు ఈ బీరువాలలోని భారత భాగవతములను, నిఘంటువులను తిరుగవేయుచు నాలుగక్షరములు కూర్చుకొన్నవాడను. లెక్కలు వ్రాయువాని కొక అలవాటు కలదు. ఏ పేరు కంటబడినను, ఇది ఎవరి ఖాతాలోనిది, ఎప్పుడు మాఱినది, ఎవరి నుండి ఎవరికి సంక్రమించినది అని అడుగుచుండును. ఆ అలవాటు చొప్పుననే నేడు కొన్ని మాటల ఖాతాలను మీ యెదుట తెఱవదలచితిని. అవి ప్రభువులను, నాయకులను, ఊరిపెద్దలను చెప్పు మాటలు. వానిలో మనవి కొన్ని. మన సముద్రమునకు ఆవలి యొడ్డువారివి కొన్ని.

ఆవలి యొడ్డువారి మాటలు మనకేల యని మీరడుగవచ్చును. మన ఇసుకదిబ్బల నెక్కి తూర్పునకు చూచినచో నీరు తప్ప మఱేమియు కానరాదు. కాని ఆ నీటిమీదుగా అండమానులు దాటి పోయినచో సుమత్రా, మలయా, జావాలు వచ్చును. ఇంకను తూర్పునకు పోయినచో ఫిలిప్పీను దీవులు, ఫిజీ, సమోవా, టోంగా, హవాయి, న్యూజీలాండులు. పడమట ఆఫ్రికా ప్రక్కన మడగాస్కరు. ఈ జలరాశి నడుమ చెదరియున్న ప్రజల స్వభాషలు పన్నెండు వందలకు మించియున్నవి. అవి యన్నియు ఒక తల్లి బిడ్డలని భాషావేత్తలు నిర్ణయించి, ఆ కుటుంబమునకు ఆస్ట్రోనేషియను అని పేరిడిరి. వారి బంధుత్వమును లెక్కలతోనే చూపవచ్చును. అయిదు అను సంఖ్యను మలయులు 'లిమ' అందురు. ఫిలిప్పీనులలోని తగలోగువారును 'లిమ' అందురు. ఫిజీలోను 'లిమ'యే, సమోవాలోను 'లిమ'యే. మడగాస్కరున అది 'దిమి' అయినది. మనము మూడు అనగా అరవవారు మూన్ఱు అనియు, కన్నడిగులు మూఱు అనియు అనుట వంటిదే యిది. మలయుల భాషయని నేను చెప్పునది కేరళమువారి మలయాళము కాదని ముందే మనవి చేయుచున్నాను.

ఈ ప్రజలతో మన తీరమునకు రాకపోకలు ప్రాచీనములు. మనకు ఉత్తరమున, నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవు కాకతీయుల కాలమున విదేశపు ఓడలు నిలిచిన చోటు. దక్షిణమున పులికాటు రేవు నుండి మన నేతగాండ్ర వస్త్రములు మలక్కాకు, జావాకు పోయెడివి. మన దుగరాజపట్టణమున 1626 ప్రాంతమున ఆంగ్లేయ వర్తకులు కోఠీ పెట్టుకొనిరి; చెన్నపట్టణ మింకను పుట్టలేదు. ఈ దుగరాజు అను మాట మొట్టమొదటనే మన విషయమును తెచ్చి పెట్టుచున్నది. రేనాటి చోళుల తెలుగు శాసనములలో 'దుగరాజు' అను పదము కలదు. అది 'యువరాజు'నకు తద్భవమని శాసన పరిశోధకులు చెప్పిరి. మన రేవుపేరును దుర్గరాజు నుండి తెచ్చువారును కలరు. ఎటు చూచినను ఒక రాజు బిరుదము ఊరి పేరై, ఆ రాజు పోయినను, రాజ్యము పోయినను, వల ఆరవేసికొనువాని నోట నేటికిని నిలిచియున్నది.

ఇక మాటలలోనికి పోదము. ఏలికల పేర్లను పరిశీలించిన కొలది అవి నాలుగు ఊటల నుండి పుట్టినట్లు తోచుచున్నది.

మొదటిది ఇంటిపెద్దను చెప్పు మాట. ఆవలి యొడ్డున దీనికి మేలైన ఉదాహరణము 'దాతు'. సుమత్రా ద్వీపమున పాలెంబాంగు రాజధానిగా ఏడవ శతాబ్దమున వెలసిన శ్రీవిజయ రాజ్యపు శాసనములలో ప్రభువును దాతు అనిరి. 686 నాటి కోట కాపూరు శాసనమున ఈ మాట స్పష్టముగా నున్నది. నేడు మలయు భాషలో 'దాతుక్' అనగా తాత. మనుమడు తాతను పిలుచు మాటయు అదియే. మలేషియాలో రాజు ఒక పౌరునికి ఇచ్చు గౌరవ బిరుదమును అదియే. అక్కడ స్థిరపడిన మన తెలుగువారిలోను ఆ బిరుదము నందినవారు కలరు. సుమత్రాలోని బతకు జనులలో 'దాతు' అనగా వైద్యము, మంత్రము తెలిసిన పెద్ద. జావాలో ఆ మాటయే 'రాతు' అయి ప్రభువును చెప్పినది. మలయులు ఆకును 'దౌన్' అనగా జావావారు 'రోన్' అందురు. ఆ మార్పే దాతును రాతుగా చేసినది. రాతు ఉండుచోటు 'కరాతోన్'. జోగ్యకర్త నగరమందలి సుల్తాను కోటకు నేటికిని అదే పేరు.

మఱియొక మాట చూడుడు. న్యూజీలాండులోని మావొరీలు నాయకుని 'అరికి' అందురు. తాహితిలో 'అరిఇ', హవాయిలో 'అలిఇ', టోంగాలో 'ఎయికి'. మన పాలు కన్నడమున హాలు అయినట్లు, మన చెవి వారికి కివి అయినట్లు, అక్షరములు క్రమముగా మాఱినవి. మావొరీ భాషలో అరికి అను మాటకు ఉన్నత కుటుంబమున మొదట పుట్టిన బిడ్డ అను అర్థమును కలదు. అనగా పెద్దబిడ్డయే పెద్ద.

మన భాషయు ఇట్లే నడచినది. 'పెద్ద' అనగా వయస్సున పెద్ద, ఆకారమున పెద్ద, అధికారమున పెద్ద. మలయులు ప్రభువర్గమువారిని 'ఓరాంగ్ బెసర్' అందురు. ఓరాంగ్ అనగా మనిషి, బెసర్ అనగా పెద్ద. మన 'పెద్దమనిషి' అను మాటకు అంతకన్న సరియైన తర్జుమా యుండదు. వారి 'తువా' అనగా ముసలి. దాని నుండి వచ్చిన 'కెతువా' అనగా నాయకుడు. మన 'ఱేడు' అను మాటయు ఇట్టిదే. దానిని రాజశబ్దభవ మనువారు కలరు గాని, బండిఱాతో మొదలగుటను బట్టి, అరవమందలి 'ఇఱై', కన్నడమందలి 'ఎఱెయ' అను మాటలతో చేర్చుట సమంజసము. ఆ మాటలకు ప్రభువు, పెద్ద, భర్త, దేవుడు అని అర్థములు. ఱేడు అన్నను మనకు రాజు, భర్త యను రెండర్థములును కలవు. రాత్రికి ప్రభువు గనుక చంద్రుని రేఱేడు అంటిమి. మలయులకును ప్రభువు 'తువాన్', దేవుడు 'తుహాన్'. ఇల్లు, రాజ్యము, గుడి మూడింటికిని ఒకే మాట చాలినది. మన నెల్లూరి మనుమసిద్ధి తన మంత్రియైన తిక్కన సోమయాజిని మామా అని పిలిచెడివాడని పెద్దలు చెప్పుదురు. రాజు నోటను చుట్టఱికపు మాటయే గౌరవపు మాట యయినది.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. మాటలు ఒకే విధముగా వినబడినంత మాత్రమున చుట్టములు కావు. దాతు అనగానే మనకు దాత స్ఫురించును. కాని అది వారి ఇంటిమాట, సంస్కృతము కాదు. ప్రాచీన జావా శాసనములలో ఊరిపెద్దలను 'రామ' అనిరి. అది చూచి అయోధ్యను తలచుకొనరాదు. జావా భాషలో రామ అనగా తండ్రి. తగలోగు భాషలో రాజును 'హరి' అందురు. దానికిని మన శ్రీహరికిని ఏ సంబంధమును లేదు. ఫిజీలో నాయకులకు 'రాతు' అను గౌరవపదము కలదు. అది జావా రాతుయే యని చెవి చెప్పినంతనే నమ్మరాదు. ఒక ఊరిలో ఇద్దరు వెంకయ్యలున్నచో తండ్రిపేరు చూడక భూమి మార్చుదుమా? పదములకును తండ్రిపేరు చూడవలెను. అక్షరములు క్రమము తప్పక మాఱినవా, అర్థము సరిపోయినదా, పొరుగు భాషల సాక్ష్యము కలదా అని మూడు ప్రశ్నలును అడిగిన తరువాతనే పట్టా ఇయ్యవలెను.

రెండవ ఊట తల. మలయులు ఊరిపెద్దను 'పెంఘులు' అందురు. 'హులు' అనగా తల. ఏటికి ఎగువ అనియు అర్థము. ఇండోనేషియాలో గ్రామాధికారిని 'కెపాల దేస' అందురు. ఈ రెండు మాటలును మీరెఱిగినవే, కపాలము, దేశము. మనకు కపాలము శ్మశానమును గుర్తుచేయును. వారికది సజీవమైన తల. మనకు దేశము విశాలమైనది, వారికది ఊరు. ఒకే సరకు రెండు రేవులలో రెండు ధరలు పలికినట్లున్నది. మన 'సర్పంచి'యు ఇట్టిదే. పారసీకమున 'సర్' అనగా తల. పంచులకు తలయైనవాడు సర్పంచి. సర్దారు అన్నను అదే తల. ఓడలలో పనిచేసిన మన తీరమువారు 'సరంగు' అను మాట నెఱుగుదురు. అది 'సర్హంగు' అను పారసీక పదము. దళపతి యని యర్థము. మలయు నావికులును 'సెరాంగ్' అనియే పిలిచిరి. ఒకే నీటిమీద పనిచేసినవారికి ఒకే మాట దక్కినది.

తల యను మాటకు మన యొడ్డున పట్టిన గతి వినదగినది. నాగార్జునకొండ ఇక్ష్వాకుల శాసనములలో, మూడవ శతాబ్దమున, 'మహాతలవర' అను పదవి కలదు. అది రాజబంధువులు వహించిన గొప్ప పదవి. ఆ తలవరియే కాలక్రమమున తలారి యయినాడు. కఱ్ఱ పట్టుకొని, రాత్రి ఊరు కాచి, పైవారు పిలిచిన పరుగెత్తి పోవలసినవాడు తలారి. సామంతుల సరసన కూర్చున్న మాట చావడి గుమ్మమున నిలువబడినది. ఆవలి యొడ్డున దాతుక్ అను మాట పదమూడు శతాబ్దములకు పైగా దిగజాఱక నిలిచినది. దానికి కారణ మొకటే నాకు తోచుచున్నది. తాత యను అర్థము దానిని విడువలేదు. ఇంటిలో ప్రతి మనుమడును దినదినమును దానిని ప్రేమతో పలుకుచుండగా ఆ మాట యెట్లు దిగజాఱును?

మూడవ ఊట పని. ఏలువాడు ఏలిక. కడప సీమలోని కలమళ్ళ శాసనము 575 ప్రాంతపుది. మనకు దొరకిన తొలి తెలుగు శాసన మని ప్రసిద్ధము. అందు రేనాటిని పాలించుటను చెప్పు చోట ఈ ఏలు ధాతువే కానవచ్చును. కాచువాడు కాపు. నడిపించువాడు నాయకుడు, నాయకుడే నాయుడు. శాసనములలోని రట్టగుడి, రట్టడి అను మాటలు రెడ్డి యయినవి. రట్ట యనగా రాష్ట్రము, ఆ కాలమున ఒక నాడు, ఒక సీమ. పల్లవుల తామ్రశాసనములలో మన నెల్లూరి ప్రాంతమునకు ముండరాష్ట్ర మను పేరు కలదు. అట్టి సీమలలో ఊరి బాధ్యత వహించినవాడు రట్టడి. మునసబు అను అరబ్బీ మాటకు న్యాయము చేయువాడని అర్థము. కరణము అనునది చేయుట యను ధాతువు నుండి వచ్చినది. మన తీరపు పట్టపువారి పల్లెలలో కులపంచాయతీ పెద్దను కాపు అని పిలుచు వాడుక కలదు. ఆయన నోట వెలువడిన కట్టడి దురాయి. అనగా నేటికిని కాపు అను మాట అచ్చట పనిపేరుగానే యున్నది.

తక్కినచోట్ల ఏమైనది? పనిపేరు పదవిపేరైనది. పదవిపేరు తండ్రి నుండి కొడుకునకు సంక్రమించినది. సంక్రమించి సంక్రమించి కులము పేరైనది. కాచిన కాలమున కాపు. కాచుట మానినను కాపే. నడిపించిన కాలమున నాయుడు. ఇంట కూర్చున్నను నాయుడే. రాజు అను మాటయు అంతే. నేను ఎవరిని నొప్పించుటకు ఈ మాట చెప్పుట లేదు. నా వంటి లెక్కలవారి పేరును ఈ లెక్కలోనిదే. ఖాతాలో పేరు మిగిలినది, బాకీ మాత్రము కొట్టివేయబడినది. కాపు అను మాట వెనుక కాచెదనను బాకీ యున్నది. మునసబు అను మాట వెనుక న్యాయము చేసెదనను బాకీ యున్నది. మాట నుంచుకొని బాకీ మఱచినవాడు పూర్వులకు వారసుడు కాడు. వారి పత్రమును దాచుకొన్నవాడు మాత్రమే.

మలయులు ఈ విషయమున ఒక చక్కని మాట కల్పించుకొనిరి. మలేషియా దేశాధిపతికి 'యాంగ్ ది పెర్తువాన్ అగోంగ్' అని పేరు. ప్రభువుగా చేయబడినవాడు, వారిలో సర్వోన్నతుడు అని దాని తాత్పర్యము. చేసికొన్నవాడు కాడు, చేయబడినవాడు. 1957లో స్వాతంత్ర్యము వచ్చినది మొదలు, అచ్చటి తొమ్మిది సంస్థానముల ప్రభువులు తమలో నొకరిని అయిదేండ్లకు ఎన్నుకొనుచున్నారు. ఫిలిప్పీనులలోని పూర్వపు ఊరికి 'బరంగాయ్' అని పేరు. అది పడవను చెప్పు మాట నుండి వచ్చినది. పడవలో వచ్చి దిగిన చుట్టములే ఊరయిరి. వారి పెద్ద దాతు. నేటికిని ఆ దేశమున అన్నిటికన్న చిన్న పరిపాలనా విభాగము బరంగాయ్, దాని పెద్దను వాడుకలో 'కపితాన్' అందురు. ఊరు పడవయైనచో పెద్ద యెవడో చెప్పనక్కఱలేదు. గాలివాన వచ్చినప్పుడు చుక్కాని విడువనివాడు. ఈ మాట మన తీరమువారికి వ్యాఖ్యానము లేకయే తెలియును.

నాలుగవ ఊట అరువు. ఏ ప్రభువునకైనను ఇంటిమాట చాలక గంభీరమైన పరాయి మాట కావలసివచ్చును. ఆవలి యొడ్డువారు మన దేశము నుండి రాజు, మహారాజు, మంత్రి మొదలగు మాటలను కొనిపోయిరి. 1521లో మెగలాను అను నావికుడు సెబూ ద్వీపమున దిగునప్పటికి అచ్చటి ప్రభువు రాజా హుమబోను. మలయు రాజ్యములలో ప్రధానమంత్రి 'బెందహార'. అది మన భాండాగారము. నౌకాదళపతి 'లక్సమాన', అన్నకు తోడుపోయిన రామాయణ లక్ష్మణుడే. రాజమందిరము 'ఇస్తాన'; అది ఆస్థానము. మనమును తక్కువ తినలేదు. పారసీకము నుండి జమీందారు, సర్దారు అను మాటలను తెచ్చుకొంటిమి.

ఈ అరువుమాటలన్నియు ఒక్కచోట వరుసగా నిలువబడిన రాయి యొకటి పాలెంబాంగున దొరకినది. దానిని తెలాగ బతు శాసన మందురు, ఏడవ శతాబ్దపుది. లిపి పల్లవ లిపి, భాష ప్రాచీన మలయు భాష. రాతి పైభాగమున ఏడు పడగల సర్పములు. అడుగున నీరు కాఱు తూము. కొలువులోని వారందఱును ఆ రాతిమీద పోసిన నీరు త్రాగి, ద్రోహము చేయమని ప్రమాణము చేసెడివారని పండితులు చెప్పుదురు. ఆ జాబితాలో రాజపుత్రులు, భూపతులు, సేనాపతులు, నాయకులు, దండనాయకులు, వ్రాతపని చేయు కాయస్థులు, ఓడనాయకులు, వర్తకులు కలరు. చివరకు రాజుగారి చాకళ్ళు, రాజుగారి బానిసలు. నాయకుడను మాట అంత దూరమున, అంత పూర్వమున కానవచ్చుట ఆశ్చర్యము. నా వంటి లెక్కలవాడును ఆ వరుసలో నిలువబడి నీరు త్రాగినాడు గదా అని ఆ పట్టిక చదివినప్పుడెల్ల అనుకొందును.

ఆ రాతి ప్రక్కన మన మోటుపల్లి శాసనము నుంచి చూడుడు. కాకతి గణపతిదేవుడు 1244లో వేయించినది. పూర్వపు రాజులు గాలివానకు దెబ్బతిని ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును బలవంతముగా తీసికొనెడివారు. ప్రాణముకంటె ధనము గొప్పదిగా ఎంచి సముద్రమున సాహసించు వర్తకులపై దయ దలచి, న్యాయమైన సుంకము తప్ప మఱేమియు తీసికొనమని గణపతిదేవుడు అభయమిచ్చెను. 1358లో రెడ్డిరాజైన అనపోతారెడ్డి అదే రేవున వర్తకులకు మరల అనుకూలమైన శాసనము వేయించెను. పాలెంబాంగున చిన్నవారు పెద్దకు మాట ఇచ్చిరి. మోటుపల్లిలో పెద్ద చిన్నవారికి మాట ఇచ్చెను. రాజు అను పరాయి మాటలో ప్రాణ మున్నదనిపించునది ఈ రెండవ తావుననే.

ఆడువారి విషయ మొకటి చెప్పక తప్పదు. జావావారి రాతు అను మాట మగవానికిని ఆడుదానికిని చెల్లును; నేటి ఇండోనేషియా వాడుకలో రాతు అనగా రాణియే. మనకు రాజు కలడు, అతని భార్య రాణి. తానే ఏలు స్త్రీకి ప్రత్యేకమైన మాట లేదు. అందుచేతనే గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి సింహాసన మెక్కినప్పుడు శాసనములు ఆమెను రుద్రదేవ మహారాజు అనవలసివచ్చినది. వెనీసు యాత్రికుడు మార్కో పోలో ఈ తీరపు రాజ్యమును న్యాయముగా పాలించిన రాణిని కొనియాడెను. మన మాటల పెట్టెలో ఆమెకు పేరు లేకపోయినది. 1993లో అమలునకు వచ్చిన రాజ్యాంగ సవరణము వలన పంచాయతీలలో స్త్రీలకు స్థానములు నిర్ణయింపబడినవి. సర్పంచి యను మాటకు లింగభేదము లేదు, అది అదృష్టము. కాని సంతకము ఆమెది, కుర్చీ ఆమె భర్తది యైన ఊళ్ళు మనలో ఎవరును చూడనివి కావు. మాట దొరకినది, పని ఇంకను ఆమె చేతికి పూర్తిగా రావలసియున్నది.

ఇంతవఱకు పెద్ద ఏలికలను గూర్చి చెప్పితిని. బీదవానికి రాజు దూరము. వానిని ప్రతిదినము ఏలువాడు వేఱొకడు. మన తెలుగువారు కడుపు చేతబట్టుకొని ఓడలెక్కి పోయిన కాలమున, మలయా రబ్బరు తోటలలో వారిని ఏలినవాడు కంగాణి. కన్ను వేసి యుంచువాడని ఆ అరవమాటకు అర్థము. బర్మాలో ఏలినవాడు మేస్త్రి. మద్రాసు రేవు నుండి ఫిజీకి కూలీలను కొనిపోవుట 1903లో మొదలై 1916లో నిలిచినది. ఆ చెఱకుతోటలలో ఏలినవాడు సర్దారు. చిన్న పదవులు, చిన్న మాటలు. అయినను ఒక కూలివాని జీవితములో మహారాజు బిరుదమున కంటె మేస్త్రి యను మాటకే బరువెక్కువ. ఏ రాజ్యపు మంచిచెడ్డలనైనను తెలిసికొనవలెనన్న, పై మాటను చూడక, అట్టడుగు మాటను పలుకునప్పుడు జనుల ముఖ మెట్లుండెనో విచారింపవలెను.

పదవులు చట్టములతో పోవును. 1948 నాటి చట్టముతో వెంకటగిరి మొదలైన జమీందారీలు పోయినవి. 1984లో మన రాష్ట్రమున వంశపారంపర్యపు మునసబు కరణముల పదవులు రద్దయినవి. ఫిజీలో 1876 నుండి నడచిన పెద్ద నాయకుల సభను అచ్చటి ప్రభుత్వము 2012లో రద్దుచేసి, 2023లో తిరిగి నెలకొల్పినది. నడుమ ఆ పదకొండేండ్లును నాయకులను రాతు అని పిలుచుట జనులు మానలేదు. మన ఊళ్ళలోను కరణముగారి ఇల్లు, మునసబుగారి తోట యను మాటలు ఇంకను వినబడుచున్నవి. చట్టము పదవిని తీసివేయగలదు. మాటను ఉంచుటయు, తీయుటయు జనుల నోటి అధికారము.

పిఠాపురము జమీందారీ నేడు లేదు. కాని ఆ సంస్థానాధీశుడు సూర్యారావుగారి పేరిట వెలసిన సూర్యరాయాంధ్ర నిఘంటువు తెలుగు చదువువారి యిండ్లలో నున్నది. భూమి మీద పేరు పోయినది. మాటలను కాచినందుకు మాటలలో పేరు నిలిచినది.

నాకు తేలిన సారాంశ మింతే. ఈ యొడ్డునను ఆ యొడ్డునను ఏలికను చెప్పు మంచి మాట ప్రతిదియు ఒక ఋణపత్రము. తాత యన్నచో లాలింపవలెను. తల యన్నచో ముందుగా దెబ్బ కాచుకొనవలెను. కాపు అన్నచో మేల్కొని యుండవలెను. చేయబడినవాడన్నచో చేసినవారిని మఱువరాదు. మాటలోని ఋణమును చదువనేర్చిన ఊరిని ఎవడును సులభముగా మోసగింపలేడు. గ్రంథాలయములు ఊళ్ళకు కావలసినది ఇందులకే.

ఈ రజతోత్సవ సందర్భమున రెండు మనవులు చేసి విరమించెదను.

మొదటిది యువకులకు. తలారి, నీరుగంటి, వెట్టి, సరంగు, కాపు, దురాయి అను మాటలను పనిలో నుండి వాడినవారు మన ఊళ్ళలో కొద్దిమందియే మిగిలియున్నారు. 1984కు ముందు ఆ పనులు చేసినవారి వయస్సు మీరే లెక్క వేసికొనుడు. ఒక నోటుపుస్తకము తీసికొని వారి కడకు పొండు. ఆ పనివానికి ఊరు ఏమి ఇచ్చెడిది, అతడు ఊరికి ఏమి చేసెడివాడు, అతనిని ఏమని పిలిచెడివారు అని అడిగి వ్రాయుడు. ఆ పుస్తకమును ఈ బీరువాలో ఉంచుదము. పెద్ద రాజుల శాసనములు రాళ్ళమీద నున్నవి. చిన్నవారి శాసనములు ముసలివారి నోళ్ళలో నున్నవి.

రెండవది అందఱికిని. ఈ గ్రంథాలయపు సభ్యుల పుస్తకమును నేను చూచితిని. ఇరువదియైదేండ్లుగా అందులో పేర్లు చేరిన వరుసలోనే వ్రాయబడినవి. దొర లేడు, కూలి లేడు. అందఱికిని ఒకే చందా, ప్రతి పేరు చివరను 'గారు' అను రెండక్షరములు. ఆ పుస్తకము మూసి వీధిలోనికి పోయినంతనే కొందఱికి ఆ రెండక్షరములు రాలిపోవుచున్నవి. పుస్తకమున గారు అని వ్రాసిన మనిషిని వీధిలో ఏరా అని పిలువకుందము. తాతను పిలుచు మాటతోనే ప్రభువును పిలిచినవారి కథ మీరు వింటిరి. మన పాలేరు తాతను తాతా అని పిలుచుటకు మనకు ఏ చట్టమును, ఏ బిరుదమును అక్కఱలేదు.

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును చూచుగాక. సెలవు.